పెన్నుకి రెజిన్ బ్లాంక్ పోయడం: రంగులు బురద కాకుండా

7 మి.మీ. ఇత్తడి గొట్టం పట్టే స్లిమ్‌లైన్ కిట్‌నే (సన్నటి పెన్ను విడిభాగాల సెట్) తీసుకుందాం. దానికి 20 మి.మీ. చదరం, 130 మి.మీ. పొడవున్న బ్లాంక్ (పెన్ను ఒంటిగా చెక్కే రెజిన్ కడ్డీ) సరిపోతుంది. లేత్ (బ్లాంక్‌ని గిరగిరా తిప్పే యంత్రం) మీద చెక్కడం పూర్తయ్యేసరికి గొట్టం చుట్టూ మిగిలేది పల్చటి పొరే, మిగతాదంతా తుక్కు. అచ్చు పైన ముచ్చటగా కనిపించే సుడులూ ఆ తుక్కులోకే పోతాయి. అందుకే రంగుల గీతలు లోపలిదాకా దిగాలి.

ఒక్కో బ్లాంక్‌కి 52 మి.లీ. రెజిన్ పడుతుంది. నాలుగింటికి వృథాతో కలిపి 250 గ్రాముల ఎపాక్సీ (రెజిన్, దాన్ని గట్టిపరిచే హార్డెనర్ రెండూ కలిపి) కలపండి. పాళ్లు బరువులో చెప్పారా, ఘనపరిమాణంలో చెప్పారా అన్నది డబ్బా మీద చూసుకోండి. హార్డెనర్ సాధారణంగా తేలిక కాబట్టి ఈ రెండూ ఒకటి కావు. బ్లాంక్ జిగటగా ఉండిపోవడానికి మొదటి కారణం ఈ పొరపాటే. రెండోది, కప్పు అంచులూ అడుగూ గీకకుండా కలపడం. మూడు నిమిషాలు నెమ్మదిగా కలిపి, వేరే కప్పులోకి వంచి మళ్లీ ఒక నిమిషం కలపండి. ఎండాకాలంలో అంతా ఒకే కప్పులో ఉంచితే తనంతట తానే వేడెక్కి పొగలు కక్కుతుంది. కలపడం అవగానే రంగుల వారీగా చిన్న కప్పుల్లోకి పంచేయండి. గ్లవ్స్ తప్పనిసరి, గాలి ఆడే చోటే పని చేయాలి.

రంగులు మూడు మించితే గందరగోళమే. సగానికి పైగా ముదురు నీలం, దానిలో మూడో వంతు వెండి మైకా (మెరిసే రేకుల పొడి) కలిపిన రెజిన్, పేరుకి కాస్త నలుపు: ఈ కూర్పు ఎప్పుడూ నిలబడుతుంది. 100 గ్రాముల రెజిన్‌కి మైకా 1 నుంచి 2 గ్రాములు చాలు.

అసలు కిటుకు ఎప్పుడు పోయాలన్నదే. పలుచగా ఉండగానే పోస్తే రంగులు కలిసిపోయి బురద రంగు వస్తుంది, మైకా అడుక్కి దిగుతుంది. పుల్ల ఎత్తితే తీగపాకంలా సాగే వరకూ ఆగండి. మైకా రేకులు రెజిన్ పారిన దిక్కుకే తిరుగుతాయి. చిక్కబడ్డాక పోస్తే అవి అలాగే నిలిచిపోతాయి, పెన్ను తిప్పినప్పుడు కదిలే మెరుపు అదే. ముదురు రంగు సగం పోసి, వెండిని సన్నటి ధారగా వేసి, మళ్లీ ముదురు రంగు పోయండి. వెదురు పుల్లని అడుగు తగిలేలా పొడవునా రెండుసార్లు లాగి ఆపేయండి. మూడోసారి లాగాలనిపిస్తుంది, వద్దు.

ఇంత చిక్కటి రెజిన్‌లో బుడగలు పైకి రాలేవు. అందుకే ప్రెషర్ పాట్‌లో (ఒత్తిడితో గాలి నింపే గట్టి పాత్ర) 40 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) దగ్గర, పూర్తిగా గట్టిపడేదాకా ఉంచాలి. ముందే గాలి వదిలితే నలిగిన బుడగలు మళ్లీ ఉబ్బుతాయి. వంటింటి కుక్కర్‌ని దీనికి మార్చే ప్రయత్నం చేయకండి. అది సుమారు 15 పీఎస్ఐకి చేసింది, పేలుతుంది. పాట్ మీద రాసిన పరిమితి, సేఫ్టీ వాల్వ్ రెండూ చూసే కొనండి.

గట్టిపడ్డాక అచ్చులోంచి తీసి, మరో రెండు రోజులు ఆగి డ్రిల్ చేయండి. బిట్ పూర్తిగా చొచ్చుకొని బయటికి వచ్చే చోట రెజిన్ పగులుతుంది. బ్లాంక్‌ని గొట్టం కన్నా 10 మి.మీ. పొడవుగా ఉంచి, బిట్ అవతలికి రాకముందే ఆపి ఆ చివర కోసేస్తే సరి. తరచూ బిట్ బయటికి లాగి చల్లారనివ్వండి.

చాలామంది వదిలేసేది ఇదే: గొట్టానికి రంగు వేయడం. అంత పల్చటి పొరలోంచి ఇత్తడి పసుపు కనిపించి నీలాన్ని పచ్చగా మార్చేస్తుంది. గొట్టాన్ని గరుకు కాగితంతో రుద్ది ముదురు రంగు పూయండి, కన్నం లోపలా అదే రంగు. ఆరాక ఎపాక్సీ జిగురుతో బిగించండి.

చెక్కేటప్పుడు ఉలి పదునుగా ఉండాలి, మొద్దుదైతే పెళ్లలు లేస్తాయి. తర్వాత 400 నుంచి 2000 గ్రిట్ (గరుకు కాగితం నంబరు) వరకూ నీళ్లతో రుద్దండి, దుమ్మూ లేవదు. ప్రతి గ్రిట్ తర్వాత లేత్ ఆపి పొడవునా ఒకసారి రుద్దితేనే చుట్టు గీతలు పోతాయి. చివర్లో కారు పాలిష్ చాలు.