పాత డెస్క్‌టాప్‌కి కొత్త గ్రాఫిక్స్ కార్డు: నా అనుభవం

మాది ఇంటెల్ ఐ5 నాలుగో తరం ప్రాసెసర్ ఉన్న డెస్క్‌టాప్. తిరుపతిలో లీలామహల్ సర్కిల్ వైపు ఒక షాపులో అడిగితే "ఎస్‌ఎంపీఎస్ గూడా మార్చాల సార్" అన్నారు (ఎస్‌ఎంపీఎస్ అంటే కంప్యూటర్‌కి కరెంటు ఇచ్చే పెట్టె). అక్కర్లేదు. మదర్‌బోర్డు మీద కార్డు బిగించే పీసీఐఈ ఎక్స్16 స్లాటే 75 వాట్ల దాకా ఇస్తుంది. అందుకే విడిగా పవర్ కేబుల్ అడగని జీటీఎక్స్ 1650 కార్డు తీసుకున్నా. 1650లోనే 6 పిన్నుల సాకెట్ ఉన్నవీ దొరుకుతాయి, కార్డు అంచు చూసి కొనండి.

బిగించాక ఫ్యాన్ తిరుగుతోంది, స్క్రీన్ మాత్రం నలుపు. కార్డు తీసి, మదర్‌బోర్డు సొంత డిస్‌ప్లే పోర్టుతోనే బయోస్ (కంప్యూటర్ ఆన్ కాగానే మొదట నడిచే బోర్డు సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేశా. యూపీఎస్ మీద పెట్టే చేయండి, మధ్యలో కరెంటు పోతే బోర్డు గోవిందా! కార్డు కాంటాక్టులు పెన్సిల్ రబ్బరుతో మెల్లగా తుడిచి, లాక్ టిక్కుమనేదాకా నొక్కా. బొమ్మ వచ్చేసింది.

ఇంకో చిక్కు: మానిటర్‌కి పాత రకం వీజీఏ పోర్టు ఒక్కటే, ఈ కార్డుకు అదే లేదు. హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చే కన్వర్టర్‌తో సరిపోయింది.