పరామర్శకు పోలేని రోజుల్లో ఏం చేయాలి

మా అన్న 2021 మే నెలలో కోవిడ్‌తో పోయాడు. మాది ఉలవపాడు దగ్గర పల్లె, అప్పట్లో ప్రకాశం జిల్లా. మామూలుగా మే నెలంటే మా ఊళ్ళో మామిడికాయల కోతలు, లారీలు, కూలీల అరుపులు. ఆ ఏడు అందరూ తలుపులు వేసుకుని ఇళ్ళలోనే ఉన్నారు. అన్నను ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకురానివ్వలేదు. నలుగురు పోయి అక్కడే దహనం చేసి వచ్చారు. పదకొండు రోజులు మా గడప తొక్కిన మనిషి లేడు.

నేను ఆశా కార్యకర్తను. అప్పటికి ఏడాదిగా ఇల్లిల్లూ తిరిగి జ్వరాలు రాసుకుంటున్నాను. ఆక్సిజన్ ఎట్లా చూడాలో, 94 కన్నా తగ్గితే ఎవరికి ఫోన్ చేయాలో మాకు నేర్పారు. చావు జరిగిన ఇంటిని దూరం నుంచి ఎట్లా పలకరించాలో ఎవరూ నేర్పలేదు. మా ఇంట్లో జరిగాక కొంత తెలిసింది. ఆ తర్వాత మా ఊళ్ళోనే ఇంకో ఆరిళ్ళలో చేస్తూ నేర్చుకున్నాను. అదంతా ఇక్కడ రాస్తున్నాను. అంటురోగం వల్ల ఒక్క ఇల్లు మూతపడినా ఇది పనికొస్తుంది.

ముందు క్యారేజీ గురించి చెప్తాను. మా ఎదురింటి వదిన రోజూ పన్నెండున్నరకు స్టీలు క్యారేజీ తెచ్చి మా ప్రహరీ గోడ మీద పెట్టేది. అడుగు గిన్నెలో అన్నం, మధ్య గిన్నెలో పప్పు, పైన మజ్జిగ. పెట్టి వెళ్ళిపోయేది కాదు. వీధికి అవతల వేపచెట్టు కింద మాస్కు పెట్టుకుని నిలబడేది. నేను బయటికొచ్చి అందుకునేదాకా కదిలేది కాదు. "తినమ్మే, నువ్వు తింటేనే మీ అమ్మ ముద్ద ముడతది" అనేది. రెండో రోజు నేను ఆకలి లేదని లోపలే ఉండిపోయాను. ఆ ఎండలో ముప్పావు గంట అట్లాగే నిలబడింది. ఐదో రోజు మజ్జిగ గిన్నె మూత మీద చిన్న కాగితం అతికించి ఉంది. "మీ అన్న మా పెళ్ళికి పందిరి గుంజలు పాతాడు. రాత్రి మా ఆయన అది తల్చుకుని ఏడ్చాడు" అని పెన్సిల్‌తో రాసింది. ఆ కాగితం ఇప్పటికీ నా బీరువాలో ఉంది.

అందుకే ఎవరడిగినా మొదట ఇదే చెప్తాను. అన్నం పంపండి, పంపిన మనిషి కనపడేట్టు నిలబడండి. ఆరడుగుల దూరం ఉంచి, గాలి ఆడే చోట, మాస్కుతో పది నిమిషాలు నిలబడితే చాలు. రోజూ ఒకే వేళకు వెళ్ళండి. ఆ వేళ కోసం ఇంట్లోవాళ్ళు లేచి మొహం కడుక్కుంటారు, అది నేను నా మీదే చూశాను.

పనులు పంచుకోవటం

ఒక్కరి వల్ల కాదు. మా ఊళ్ళో డ్వాక్రా సంఘం పుస్తకం చివరి పేజీలో ఎవరి పని ఏమిటో రాసుకున్నాం. అప్పటి మా పక్క జిల్లా నెల్లూరులోని దూబగుంటలో 1992లో సారాను ఆపింది ఇట్లా కూడిన ఆడవాళ్ళే కదా, మాకు కూడటం కొత్తేమీ కాదు. వంట ఒకరిది, మందులు తెచ్చేది ఒకరు, పిల్లల సంగతి చూసేది ఒకరు. గేదెల సంగతి మాత్రం మేము మొదట మర్చిపోయాం. ఇంట్లో అందరికీ పాజిటివ్ వస్తే పాలు ఎవరు పితకాలి? పితక్కపోతే పొదుగు వాస్తుంది. కొత్త చెయ్యి పడితే గేదె చేపదు. కాబట్టి ఆ గేదెకు అలవాటున్న మనిషి ఎవరో ముందే అడిగి పెట్టుకోండి. పాల డబ్బులు ఏ రోజుకారోజు ఆ ఇంటి పేరున రాయండి. మందులకు అక్కరకొచ్చిన చిల్లర అదే.

ఫోన్‌కు కూడా ఒక మనిషిని పెట్టండి. ఆసుపత్రితో మాట్లాడేది, బంధువులకు చెప్పేది ఆ ఒక్కరే అయితే ఇంట్లోవాళ్ళకు కొంచెం ఊపిరి ఆడుతుంది. చావు కబురు వస్తే మనిషి పేరు, తండ్రి పేరు, వయసు, ఊరు నాలుగూ మళ్ళీ అడిగి నిర్ధారించుకోవాలి. మా పక్క వీధిలో ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్న ఇద్దరి విషయంలో కబురు తారుమారై, బతికున్న మనిషి ఇంట్లో సాయంత్రం దాకా ఏడ్చారు. నిర్ధారణ అయ్యాక కూడా భార్యకో తల్లికో చెప్పే ముందు ఆమె పక్కన ఎవరున్నారో కనుక్కోండి. వాట్సాప్ గ్రూపులో ఫొటోకు దండ వేసి పెట్టడం ఇంట్లోవాళ్ళకు తెలిశాకే. కూతురు గ్రూపులో చూసి తండ్రి చావు తెలుసుకున్న ఇల్లు మా మండలంలో ఉంది.

చివరి చూపు, అస్థికలు

దీని గురించి తెలియక నేను పోగొట్టుకున్నది తిరిగి రాదు. 2020 మార్చిలోనే కేంద్ర ఆరోగ్య శాఖ శవాల విషయంలో మార్గదర్శకాలు ఇచ్చింది. జాగ్రత్తలు తీసుకుని సిబ్బంది సంచి జిప్పు తీసి ముఖం చూపించవచ్చని అందులో ఉంది. శవాన్ని తాకకుండా మంత్రాలు చదవటం, పవిత్ర జలం చల్లటం వంటివి చేసుకోవచ్చని ఉంది. బూడిద వల్ల ఏ ప్రమాదమూ లేదు, అస్థికలు తెచ్చుకోవచ్చని కూడా ఉంది. మాకెవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. ఐదో రోజు తెలిసి మా తమ్ముడు శ్మశానానికి పరుగెత్తితే అక్కడ ఏ బూడిద ఎవరిదో తెలియలేదు. ఉత్త చేతులతో వచ్చి వాకిట్లో కూలబడ్డాడు.

రేపు వచ్చే రోగం వేరు కావచ్చు, రూల్సూ మారవచ్చు. అప్పుడు ఏం అనుమతిస్తున్నారో మొదటి గంటలోనే అడగండి. ముఖం చూపిస్తారా, ఎంత మంది రావచ్చు, అస్థికలు ఎప్పుడు ఇస్తారు, ఎవరు సంతకం పెట్టాలి? ఏడుస్తున్న కొడుకు ఇవి అడగలేడు. ఫోన్ మనిషి అడగాలి. వెళ్ళలేని తల్లికి వీడియో కాల్‌లో చూపిస్తే, ముందు ఆమెను అడిగి, ఆమె చూస్తానంటేనే చూపించండి.

ఏం మాట్లాడాలి

"ఎక్కడ అంటించుకున్నాడు?", "టీకా వేసుకోలేదా?", "ఇంకో ఆసుపత్రికి తీసుకుపోయి ఉంటే బతికేవాడు" అనే మాటలు దయచేసి వద్దు. ఆ మూడో మాట మా వదినతో, అంటే మా అన్న భార్యతో, ఒకాయన అన్నాడు. ఇంకో ఆసుపత్రిలో బెడ్డు కోసం మేము ఎన్ని గేట్ల ముందు నిలబడ్డామో ఆయనకు తెలియదు. మా వదిన ఇప్పటికీ నిద్రలో ఆ లెక్కే వేస్తుంది.

"ధైర్యంగా ఉండు" కూడా పెద్దగా పనిచేయదు. పోయిన మనిషి గురించి మీకు గుర్తున్నది ఒకటి చెప్పండి. పందిరి గుంజలు పాతాడు, సైకిల్ నేర్పాడు, తిరనాళ్ళలో చెరుకుగడ కొనిచ్చాడు, ఏదైనా సరే. చెప్పటానికి ఏమీ దొరక్కపోతే ఫోన్ చేసి "ఏం మాట్లాడాలో తెలియట్లేదు వదినా, ఊరికే చేశా" అనండి. అవతల ఏడుస్తుంటే ఫోన్ పెట్టేయకండి.

పిల్లలకు అబద్ధం చెప్పకండి. మా అన్న కూతురికి అప్పుడు ఎనిమిదేళ్ళు. "నాన్న చెన్నై పోయాడు" అని ఎవరో చెప్పారు. అది రోజూ రాత్రి ఫోన్ తెచ్చి "నాన్నకు కలుపు అత్తా" అనేది. మూడు రోజులు దాటేశాను. నాలుగో రోజు ఒళ్ళో కూర్చోబెట్టుకుని, నాన్నకు జబ్బు ఎక్కువై ఊపిరి ఆగిపోయిందని, చనిపోయాడని, ఇక రాడని చెప్పాను. "నేను దగ్గినందుకు వచ్చిందా?" అని అడిగింది. ఆ భయం దాని లోపల ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. నీ వల్ల కాదమ్మా అని ఆ నెలంతా రోజూ చెప్పాల్సి వచ్చింది. దశదిన కర్మ రోజు ఫొటో ముందు దీపం దానితోనే పెట్టించాం. అమ్మానాన్న ఇద్దరూ పోయిన పిల్లలు ఉంటే పిల్లల సాయం నంబరు 1098కి ఫోన్ చేయండి, ఆ పిల్లలు ఎవరి దగ్గర ఉంటున్నారో గ్రామ సచివాలయంలో చెప్పి రాయించండి.

కాగితాలు పారేయకండి

దుఃఖంలో డబ్బు మాట ఎత్తడం తప్పనిపిస్తుంది. కానీ ఆ ఇంటికి పక్కవాళ్ళు చేయగలిగిన పెద్ద సాయాల్లో ఇదొకటి. మా ఊళ్ళో ఒక ఇంట్లో భయంతో పోయినాయన పరుపు, బట్టలతో పాటు ఆసుపత్రి కాగితాల సంచి కూడా తగలబెట్టారు. టెస్ట్ రిపోర్టు కాపీ మళ్ళీ తెప్పించటానికి మూడు నెలలు పట్టింది. సుప్రీంకోర్టు 2021 జూన్ 30న ఇచ్చిన తీర్పు తర్వాత కోవిడ్ మృతుల కుటుంబాలకు 50 వేల రూపాయల ఎక్స్‌గ్రేషియా వచ్చింది. పాజిటివ్ వచ్చిన 30 రోజుల్లోపు ఇంట్లో పోయినా లెక్కలోకి తీసుకున్నారు. అయితే పాజిటివ్ అని చూపించే కాగితం కావాలి. అన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో వేసి దేవుడి గూట్లో పెట్టండి.

మరణం 21 రోజుల్లోపు పంచాయతీ కార్యదర్శి దగ్గర నమోదు చేయించాలి. ఆ గడువు దాటితే ఫీజు, అనుమతులు అంటూ తిప్పట. పేరు, ఇంటిపేరు ఆధార్‌లో ఉన్నట్టే అక్షరం తేడా లేకుండా రాశారో లేదో అక్కడే నిలబడి చదవండి.

తర్వాత బ్యాంకు పాస్‌బుక్ ప్రింట్ వేయించండి. మే నెలాఖరు, జూన్ మొదట్లో గీతలు ఒక్కొక్కటే వేలు పెట్టి చూడండి. మా సంఘంలో ఒకామె భర్త పుస్తకంలో 2020 మే చివర 330 రూపాయలు తగ్గిన గీత ఒకటి కనపడింది. ఆమెకు అదేమిటో తెలియదు. అది ప్రధానమంత్రి జీవన జ్యోతి బీమాకు బ్యాంకు ఏటా కోసుకునే ప్రీమియం, ఏ కారణంతో పోయినా 2 లక్షలు వస్తాయి. 2022 జూన్ నుంచి దాని ప్రీమియం 436 రూపాయలు. దాని పక్కనే ఉండే 12 రూపాయల గీత, ఇప్పుడు 20 రూపాయలు, ప్రమాదాలకు మాత్రమే, జబ్బు చావుకు రాదు. ఆమెను వెంటబెట్టుకుని బ్యాంకుకు మూడు సార్లు పోయాను. మొదటిసారి ఫారం లేదన్నారు, రెండోసారి సార్ లేడన్నారు. మూడోసారి డ్వాక్రా ఆడవాళ్ళం ఆరుగురం పోయి బెంచీ మీద కూర్చున్నాం. ఆ రోజు ఫారం దొరికింది. ఒంటరిగా పంపకండి.

మూడో నెల

మొదటి పది రోజులు అందరూ గుర్తుపెట్టుకుంటారు. మూడో నెలలో ఎవరూ ఉండరు. నేను చూసిన ఇళ్ళలో అసలు బరువు అప్పుడే పడింది. నిద్ర లేకపోవటం, అన్నం మానేయటం, "నేనెందుకు ఉండటం" అనే మాట వినపడితే తేలిగ్గా తీసుకోకండి. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగండి. అడిగినందువల్ల ఆ ఆలోచన కొత్తగా రాదు. ఆ ఇంట్లో పురుగుల మందు డబ్బాలు ఉంటే అదే రోజు వేరే ఇంటికి మార్చండి. మనసు బాధలకు ప్రభుత్వం పెట్టిన ఫోన్ సాయం టెలి మానస్, నంబరు 14416, 2022 అక్టోబర్ నుంచి నడుస్తోంది. డబ్బులు పడవు, రాత్రైనా పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు. పక్కన కూర్చుని మీరే కలిపి ఇవ్వండి.

శవాలు మోసినవాళ్ళను, పారిశుద్ధ్య కార్మికులను, మా ఆశాలను కూడా అడగండి. ఒక ఏడాది పాటు మమ్మల్ని ఎవరూ "నువ్వెట్టున్నావు" అనలేదు.

ఆగిపోయిన పరామర్శను తర్వాత చేయవచ్చు, ఆలస్యమైందని వదిలేయకండి. 2022 ఫిబ్రవరిలో కేసులు తగ్గాక మా ఊరి బడి ఆవరణలో ఒక సాయంత్రం ఏడు ఫొటోలు పెట్టాం. హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు అందరివీ పక్కపక్కనే. ఫాతిహా చదివారు, పాస్టర్ ప్రార్థన చేశాడు, మేము దీపాలు పెట్టాం. ఉపన్యాసాలు వద్దన్నాం. ప్రతి ఇంటివాళ్ళూ తమ మనిషి గురించి చెప్పారు, మిగతావాళ్ళు విన్నారు. అప్పటిదాకా రాలేకపోయినవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి మా అమ్మ చేతులు పట్టుకున్నారు. తొమ్మిది నెలల తర్వాత మా అమ్మ గొంతెత్తి ఏడ్చింది. మర్నాడు రామాయపట్నం ఒడ్డుకు పోయి మా తమ్ముడు అన్నకు నీళ్ళు వదిలాడు.

ఇక సంవత్సరీకాలు. మాకు తిథిని బట్టి వస్తుంది కాబట్టి ఏటా తేదీ మారుతుంది. ముస్లింల బర్సీ వాళ్ళ నెలల లెక్కన ఏటా పది పదకొండు రోజులు ముందే వస్తుంది. క్రైస్తవులది ఇంగ్లీషు తేదీయే. కొత్త క్యాలెండర్ గోడకు తగిలించగానే ఏడిళ్ళవీ అడిగి చూసుకుని పెన్సిల్‌తో గుండ్రంగా చుట్టి పక్కన ఇంటిపేరు రాస్తాను. ఆ రోజు పొద్దున్నే ఒక ఫోన్, వీలైతే మధ్యాహ్నం క్యారేజీ.