కోయాక్సియల్ కేబుల్ కనెక్టర్లు – 3వ పాఠం: ఆర్‌జీ-6 కేబుల్‌కు ఎఫ్ కనెక్టర్ బిగించడం

గత పాఠంలో కేబుల్‌లోని పొరలను ఒక్కొక్కటిగా విప్పి చూశాం. ఈసారి డిష్ యాంటెన్నాలకు వాడే 75 ఓమ్‌ల ఆర్‌జీ-6 కేబుల్‌కు కంప్రెషన్ రకం (ప్రత్యేక టూల్‌తో నొక్కి బిగించే) ఎఫ్ కనెక్టర్ బిగిద్దాం. డిష్ మీద ఉండి సంకేతాన్ని అందుకునే పరికరమైన ఎల్‌ఎన్‌బీకి కావలసిన 13 లేదా 18 వోల్టుల విద్యుత్తు కూడా ఇదే కేబుల్ గుండా వెళ్తుంది కనుక, పని మొదలుపెట్టే ముందు సెట్‌టాప్ బాక్సు ప్లగ్గు తీసివేయాలి.

కేబుల్ కొసను నలగకుండా, అడ్డంగా సమంగా కోయండి. తర్వాత రెండు బ్లేడ్ల స్ట్రిప్పర్‌లో పెట్టి తిప్పితే, కొసన సుమారు 6 మి.మీ. మేర నడిమి తీగ, దాని వెనుక మరో 6 మి.మీ. మేర అల్లిక బయటపడతాయి. ఈ పాఠంలో అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది ఇక్కడే. చాలా ఆర్‌జీ-6 కేబుళ్లలో నడిమి తీగ ఉక్కుది, దానిపై ఉన్నది పలుచని రాగి పూత మాత్రమే. ఎల్‌ఎన్‌బీ నుంచి వచ్చే 950–2150 మెగాహెర్ట్జ్ సంకేతం తీగ లోపలికి చొరకుండా, ఒకటి రెండు మైక్రాన్ల లోతు పైపొరలోనే ప్రవహిస్తుంది. బ్లేడు ఆ పూతను గీకితే సంకేతం ప్రవహించే దారే దెబ్బతింటుంది, పైగా తేమ తగిలినప్పుడు ఉక్కు తుప్పు పడుతుంది. అందుకే బ్లేడు లోతును ముందుగా పనికిరాని ముక్క మీద సరిచూసుకోవడం తప్పనిసరి.

అల్లికలోని సన్నతీగలన్నిటినీ వెనక్కి, పై తొడుగు మీదికి మడవండి. ఒక్క పోగు నడిమి తీగకు తగిలినా షార్ట్ అయి, ఎల్‌ఎన్‌బీకి విద్యుత్తు అందదు. తెల్లని ఇన్సులేషన్‌కు అంటుకుని ఉన్న రేకును మాత్రం చింపవద్దు. కనెక్టర్ లోపలి గొట్టం ఆ రేకుకూ అల్లికకూ మధ్య దూరాలి. కనెక్టర్‌ను కొద్దికొద్దిగా తిప్పుతూ నిటారుగా నెట్టి, తెల్లని ఇన్సులేషన్ నట్టు లోపలి అడుగుతో సమంగా కనిపించే వరకు ఆగకండి. అంత వరకు రాకుండా కంప్రెషన్ టూల్ నొక్కితే ఆ కనెక్టర్ వృథా అయినట్టే, మళ్లీ విప్పి వాడుకోలేం. సరిగ్గా కూర్చున్నాక టూల్‌ను ఒకేసారి చివరిదాకా నొక్కండి. నడిమి తీగ నట్టు అంచు దాటి 2–3 మి.మీ. ఉంటే చాలు.

మామూలు పటకారుతో నొక్కిన కనెక్టర్లనూ, చేత్తో తిప్పి ఎక్కించే రకాన్నీ మేడ మీద వాడవద్దని నా గట్టి సలహా, ఎందుకంటే వాటి సందుల్లోంచి వాన నీరు అల్లికలోకి దిగుతుంది.

రెండు కొసలూ దేనికీ తగిలించకుండా, మల్టీమీటర్‌ను కంటిన్యూటీలో (రెండు కొనల మధ్య దారి కలిసి ఉంటే బీప్ మోగే అమరికలో) పెట్టి నట్టుకూ నడిమి తీగకూ ఆనించండి. బీప్ వినిపించకూడదు. తర్వాత అవతలి కొసలో ఆ రెంటినీ చిన్న తీగతో కలిపి చూస్తే, ఈసారి తప్పక వినిపించాలి.