కవల పిల్లలను చూసుకునే కొత్త ఆయాకు: ఆటలు, షికార్లు

నడక వచ్చిన కవలలు ఒకరు ఇటు, ఒకరు అటు పరుగెడతారు. అందుకే కాలువగట్టుకు ఇద్దరినీ ఒంటరిగా తీసుకెళ్లొద్దు. ఇంకో పెద్దవాళ్లు తోడుంటేనే వెళ్లండి. మీరొక్కరే ఉన్నరోజు గేటు వేసిన పెరడే మేలు.

షికారుకు రాజమండ్రి దగ్గరి కడియపులంక పూలమొక్కల నర్సరీలు చాలా బాగుంటాయి. ఎండ ముదరకముందే బయల్దేరండి. పూలు చూపిస్తూ రంగులు చెప్పించండి. గన్నేరు దగ్గర మాత్రం చెయ్యి వదలొద్దు: ఆకు, పువ్వు, కొమ్మ అన్నీ విషమే.

ఇంట్లో నీళ్లాటకు వెడల్పు పళ్లెంలో రెండు వేళ్ల లోతు నీళ్లు చాలు. చెంబులు రెండూ ఒకేలాంటివి ఇవ్వండి, లేదంటే జుట్లు పట్టుకుంటారు. అంత తక్కువ నీళ్లలోనూ పసివాళ్లు మునిగే ప్రమాదముంది. ఫోన్ మోగినా లేవొద్దు, ఆట అవగానే నీళ్లు పారబోయండి. తర్వాత సపోటా పెడితే గింజలు తీసి పెట్టండి, గొంతుకు అడ్డం పడతాయి.