పాత ఫోన్ చేయి దాటకముందే: కొత్త ఫోన్‌లోకి డేటా మార్చుకునే విధానం

కొత్త ఫోన్ కొనేటప్పుడు పాతదాన్ని ఎక్స్ఛేంజ్‌లో ఇస్తే ధర కొంత తగ్గుతుంది. ఆన్‌లైన్‌లో కొన్నవారికి చిక్కు వచ్చేది సరిగ్గా అక్కడే. కొత్త ఫోన్ తెచ్చిన డెలివరీ మనిషి గుమ్మంలోనే పాత ఫోన్‌ను పరీక్షించి పట్టుకుపోతాడు కనుక, రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని తీరిగ్గా డేటా మార్చుకునే వీలుండదు. మా అమ్మ ఫోన్ ఇలాగే చేయి దాటింది. నంబర్లూ ఫోటోలూ వచ్చాయి గానీ, చనిపోయిన మా పెదనాన్న వాట్సాప్‌లో పంపిన వాయిస్ మెసేజ్‌లు రాలేదు. గూగుల్ ఖాతాలో స్టోరేజీ నిండిపోయి, చాట్ బ్యాకప్ చాలా నెలల కిందటే ఆగిపోయిందన్న సంగతి ఇంట్లో ఎవరమూ గమనించలేదు. అందుకే వీలుంటే ఎక్స్ఛేంజ్ వదులుకునైనా పాత ఫోన్‌ను ఒక వారం దగ్గర ఉంచుకోమని, కుదరకపోతే బ్యాకప్‌లన్నీ డెలివరీకి ముందు రోజే ముగించమని గట్టిగా చెబుతాను. ఇక్కడ ప్రధానంగా ఆండ్రాయిడ్ నుంచి ఆండ్రాయిడ్‌కు మారడం గురించే వివరిస్తున్నాను.

ముందు కాంటాక్టులు చూడండి. ఒకే ఫోన్‌లో కొన్ని నంబర్లు సిమ్‌లో, కొన్ని ఫోన్‌లో, మిగతావి గూగుల్ ఖాతాలో సేవ్ అయి ఉండవచ్చు. కాంటాక్ట్స్ యాప్ సెట్టింగ్స్‌లోని ఇంపోర్ట్ సదుపాయంతో సిమ్‌లోని నంబర్లను గూగుల్ ఖాతాలోకి తెచ్చి, సింక్ ఆన్ చేసి ఉంచితే, కొత్త ఫోన్‌లో అదే ఖాతాతో లాగిన్ అయిన కొద్దిసేపటికి పేర్లన్నీ కనిపిస్తాయి.

ఫోటోల విషయంలో చాలామంది గూగుల్ ఫోటోస్‌ను నమ్ముకుని ఊరుకుంటారు. అయితే ఉచిత అపరిమిత బ్యాకప్ 2021 జూన్ 1తో ముగిసింది. ఇప్పుడు ఉచితంగా దొరికే 15 జీబీలోనే జీమెయిల్, డ్రైవ్, ఫోటోలు సర్దుకోవాలి. ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ బ్యాకప్ కూడా ఆ లెక్కలోకే వస్తుంది. అందువల్ల బ్యాకప్ పూర్తయిందో లేదో పాత ఫోన్‌లో చూసి తృప్తిపడకుండా, కంప్యూటర్‌లోనో ఇంట్లో మరొకరి ఫోన్‌లోనో మీ ఖాతా తెరిచి, నిన్న తీసిన ఫోటో అక్కడ ఉందో లేదో చూడండి. లాక్డ్ ఫోల్డర్‌లో దాచిన ఫోటోలకు బ్యాకప్‌ను విడిగా ఆన్ చేయాలి. కాల్ రికార్డింగులు, డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లోని పీడీఎఫ్‌లు ఈ బ్యాకప్‌లోకి రావు కనుక, వాటిని కేబుల్‌తో కంప్యూటర్‌లోకి కాపీ చేసుకోవాలి.

ఎక్కువ జాగ్రత్త అవసరమయ్యేది వాట్సాప్ దగ్గర. రెండు ఫోన్లూ చేతిలో ఉంటే, 2023లో వచ్చిన ట్రాన్స్‌ఫర్ చాట్స్ పద్ధతి అన్నిటికంటే మేలు. పాత ఫోన్‌లో వాట్సాప్ సెట్టింగ్స్‌కు వెళ్లి, చాట్స్‌లో ట్రాన్స్‌ఫర్ చాట్స్ తెరిచి, కొత్త ఫోన్‌లో అదే నంబరుతో నమోదై, ఒక తెరపై వచ్చే క్యూఆర్ కోడ్‌ను రెండో ఫోన్‌తో స్కాన్ చేస్తే, చాట్‌లూ ఫోటోలూ వాయిస్ మెసేజ్‌లూ గూగుల్ ఖాతాతో పనిలేకుండా నేరుగా కొత్త ఫోన్‌లోకి వెళ్తాయి. రెండు ఫోన్లలోనూ వైఫై, లొకేషన్ ఆన్‌లో ఉండాలి, పని ముగిసేదాకా రెండింటినీ దగ్గరగా ఉంచాలి. పాత ఫోన్ ముందే ఇచ్చేయాల్సి వస్తే, చాట్ బ్యాకప్‌లో వీడియోలను కూడా చేర్చి, బ్యాకప్ చేసి, చివరి బ్యాకప్ తేదీ ఈ రోజుదేనా అని చూసుకోండి. రీస్టోర్ కావాలంటే అదే నంబరు, అదే గూగుల్ ఖాతా ఉండి తీరాలి. కొత్త ఫోన్‌లో వాట్సాప్ రీస్టోర్ చేయమంటారా అని అడిగినప్పుడు తొందరలో స్కిప్ నొక్కితే, యాప్‌ను తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయాల్సి వస్తుంది. బ్యాకప్‌కు ఎన్‌క్రిప్షన్ (ఇతరులు చదవకుండా వేసే తాళం) పెట్టుకున్నవారు దాని పాస్‌వర్డ్‌నో 64 అంకెల కీనో మరచిపోతే వాట్సాప్ సంస్థ కూడా దాన్ని తెరవలేదు. ఎంతో ఇష్టమైన గొంతులు ఉన్నవారికి నా సలహా ఇంకొకటి ఉంది: ఇంటర్నల్ స్టోరేజీలోని ఆండ్రాయిడ్ ఫోల్డర్‌లో మీడియా, దానిలో వాట్సాప్ పేరున్న ఫోల్డర్‌ను యథాతథంగా కంప్యూటర్‌లోకి కాపీ చేసి ఉంచుకోండి.

కొత్త ఫోన్‌ను మొదటిసారి ఆన్ చేసినప్పుడు, యాప్‌లనూ డేటానూ కాపీ చేయమంటారా అని అడుగుతుంది. అప్పుడు రెండు ఫోన్లను కేబుల్‌తో కలిపితే ఎస్ఎంఎస్‌లు, కాల్ హిస్టరీ, యాప్‌లు, సెట్టింగులు వచ్చేస్తాయి. రెండింటికీ బాగా ఛార్జింగ్ పెట్టాకే మొదలుపెట్టండి. ఐఫోన్‌కు మారేవారు పాత ఆండ్రాయిడ్‌లో మూవ్ టు ఐఓఎస్ యాప్ వేసుకుని, ఐఫోన్ తొలి సెటప్ సమయంలోనే వాట్సాప్‌ను కూడా ఎంచుకోవాలి.

ఇక డబ్బుకు సంబంధించిన యాప్‌లు. ఫోన్‌పే, గూగుల్ పే వంటివి కాపీ అయినా, మళ్లీ నమోదు చేసుకునేదాకా పనిచేయవు. ఏ ఫోన్‌లో ఏ సిమ్ ఉందో నిర్ధారించుకోవడానికి అవి ఆ ఫోన్ నుంచే ఒక ఎస్ఎంఎస్ పంపుతాయి కనుక, బ్యాంకులో నమోదైన నంబరు సిమ్ కొత్త ఫోన్‌లో ఉండాలి, ఎస్ఎంఎస్ వెళ్లే ప్లాన్ దానికి ఉండాలి. యూపీఐ పిన్ మారదు. పిన్ లేకుండా చిన్న మొత్తాలు చెల్లించే యూపీఐ లైట్‌లో సొమ్ము ఉంటే, పాత ఫోన్‌లో ఉండగానే బ్యాంకు ఖాతాకు తిప్పుకోండి. కొత్త ఫోన్‌లో నమోదైన తొలి 24 గంటల్లో పంపగలిగే మొత్తంపై బ్యాంకులు పరిమితి పెడుతుంటాయి కనుక, ఆసుపత్రి బిల్లో పిల్లల ఫీజో కట్టాల్సిన రోజున ఫోన్ మార్చకండి. ఫోన్‌తో పాటు అదే నంబరుకు కొత్త సిమ్ తీసుకున్నా, కార్డు లేకుండా ఫోన్‌లోనే ఉండే ఈ-సిమ్‌కు మారినా, మన దేశంలో 24 గంటల పాటు ఎస్ఎంఎస్‌లు ఆపేస్తారు. అంటే ఓటీపీలు రావు, యూపీఐ నమోదు కూడా జరగదు. సిమ్ మార్పు ఒక రోజు, ఫోన్ మార్పు మరో రోజు పెట్టుకోవడం ఉత్తమం. లాగిన్ కోడ్‌లు చూపే గూగుల్ ఆథెంటికేటర్ యాప్ వాడేవారు ఆ కోడ్‌లను ఖాతాకు సింక్ చేయడమో, క్యూఆర్ కోడ్‌తో ఎగుమతి చేయడమో పాత ఫోన్ ఉండగానే చేయాలి.

ఇవన్నీ కొత్త ఫోన్‌లో పనిచేస్తున్నాయని ఒక్కొక్కటీ తెరిచి చూశాకే పాతదాన్ని తుడిచివేయండి. సిమ్, మెమొరీ కార్డు తీసేయండి. సెట్టింగ్స్‌లోని అకౌంట్స్‌లో గూగుల్ ఖాతాను తొలగించి, ఆ తర్వాత ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. ఖాతాను తొలగించకపోతే, రీసెట్ చేసిన తీరునుబట్టి ఫోన్ మీ పాత పాస్‌వర్డ్ అడుగుతూ కొత్త యజమాని చేతిలో లాక్ అయిపోవచ్చు. రీసెట్ అయ్యాక భాష ఎంచుకోమని అడిగే తొలి తెర కనిపించే వరకూ ఫోన్‌ను చేతిలోనే ఉంచుకుని, ఆ తర్వాతే ఇచ్చేయండి.