రేడియోకు ఆంప్లిఫయర్ కట్టే ముందు జాగ్రత్తలు

యాసంగి నాట్లు దగ్గరపడ్డాయి. మిర్యాలగూడ, హాలియా వైపు మోటర్ల కాడ రేడియో పెట్టుకునేవాళ్లు చిన్న ఆంప్లిఫయర్ కట్టే ముందు ఇవి చూసుకోండి.

హమ్ (గుయ్యిమనే మోత) పోతుందని కరెంటు న్యూట్రల్‌ను ఎర్త్‌గా కలపొద్దు. న్యూట్రల్ తెగినా, ప్లగ్ తిరగేసి పెట్టినా రేడియో బాడీకి 230 వోల్టులు వస్తాయి. తడి చేత్తో ముట్టుకుంటే ప్రాణమే పోతుంది.

ముందు బ్యాటరీ మీద నడిపి వినండి. మోత ఆగితే తప్పు సప్లయ్‌ది. సెల్ చార్జర్లు మీడియం వేవ్‌ను బాగా పాడుచేస్తాయి. మా ఇంట్లో గోడకున్న చార్జర్ పీకగానే 738 కిలోహెర్ట్జ్‌లో హైదరాబాద్ స్టేషన్ తేటగా పలికింది. ఎల్ఈడీ బల్బులు కూడా ఆర్పి చూడండి.

బయటి గరగరను ఆంప్లిఫయర్ తగ్గించదు, మాటతో పాటు దాన్నీ పెంచుతుంది. అందుకే ముందు సెట్టును మెల్లగా చుట్టూ తిప్పండి. లోపల ఏరియల్‌గా పనిచేసే ఫెర్రైట్ కడ్డీ ఒక దిక్కుకు రాగానే గరగర పడిపోవడం చెవికే తెలుస్తుంది.

ఎల్ఎం386 అనే చిన్న ఆంప్లిఫయర్ చిప్ వాడితే 1, 8 కాళ్ల మధ్య 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఊరికే పెట్టకండి. గెయిన్ (ఎన్ని రెట్లు పెంచుతుందో ఆ లెక్క) 20 నుంచి 200కు పోతుంది, బుస్సుమనే చప్పుడూ దాంతో పెరుగుతుంది.

సప్లయ్ వచ్చే 6వ కాలు పక్కనే 0.1, 100 మైక్రోఫారడ్ కెపాసిటర్లు వేయండి. దూరంగా వేస్తే మధ్యలోని వైరే గోల పట్టుకుంటుంది.

వాల్యూమ్‌కు షీల్డ్ వైరు (పైన లోహపు అల్లిక ఉన్న వైరు) వాడి, షీల్డును ఒక్క కొసనే గ్రౌండుకు కలపండి. రెండు కొసలూ కలిపితే లూప్ పడి హమ్ వస్తుంది.