ఇయర్‌బడ్స్ గరగరమంటుంటే: లోపం ఎక్కడుంది, కంపెనీని ఎలా ఒప్పించాలి

హెడ్‌ఫోన్ పాడైతే సర్వీస్ సెంటర్‌లో మనలో చాలామంది చెప్పే మాట “సరిగ్గా వినపడట్లేదండీ”. ఆ ఒక్క మాటతో వాళ్లు చేయగలిగింది పెద్దగా ఉండదు. రీసెట్ చేస్తారు, ఒక పాట పెట్టి చూస్తారు, బాగానే ఉందని చేతికిస్తారు. లోపం ఎప్పుడు, ఎక్కడ, ఏ పని చేస్తుంటే వస్తోందో చూపించగలిగితే కథ మారుతుంది.

సమస్య: ఒక చెవిలో సౌండ్ తగ్గిపోయింది

చాలాసార్లు కారణం గులిమి. స్పీకర్ ముందున్న జాలీ మీద పేరుకుంటుంది. టిప్ తీసేసి, జాలీని నేలవైపు వంచి, మెత్తటి పొడి బ్రష్‌తో తుడవండి. పిన్నీసు మాత్రం పెట్టకండి. జాలీ చిరిగితే అది వాడకంలో జరిగిన డ్యామేజీ అంటారు, వారంటీ చేజారుతుంది. ఫోన్ సెట్టింగ్స్‌లో ఎడమ-కుడి బ్యాలెన్స్ మధ్యలోనే ఉందో లేదో కూడా చూడండి.

సమస్య: గరగర, చిటపట. బస్సులో ఎక్కువ, ఇంట్లో తక్కువ

దీన్ని తేలిగ్గా తీసుకోకండి. నాయిస్ క్యాన్సలేషన్ ఉన్న బడ్స్‌లో మైకులు చుట్టూ ఉన్న రొదను వింటాయి. దానికి తలకిందులుగా ఉండే ధ్వనిని స్పీకర్ పుట్టిస్తుంది. రెండూ ఒకదాన్నొకటి చంపుకుంటాయి. ఈ ఏర్పాటులో ఎక్కడ తేడా ఉన్నా, నిశ్శబ్దంగా ఉన్న గదిలో దానికి పని తక్కువ కాబట్టి బయటపడకపోవచ్చు. సర్వీస్ సెంటర్ ఏసీ గదిలో మీ బడ్స్ బుద్ధిగా పాడటానికి కారణం ఇదే.

ఆపిల్ మొదటి తరం ఎయిర్‌పాడ్స్ ప్రోలో ఇదే జరిగింది. కొన్నింటిలో సౌండ్ సమస్య ఉందని 2020 అక్టోబరులో కంపెనీ ఒప్పుకుంది. ఆ నెలకు ముందు తయారైనవాటిలో లోపమున్న బడ్‌ను ఉచితంగా మార్చిస్తామంది. మొదట కొన్న తేదీ నుంచి రెండేళ్లన్న గడువును తర్వాత మూడేళ్లు చేసింది. ఆ ప్రకటనలో లక్షణాన్ని రాసిన తీరు చూడండి: రొద ఉన్నచోట, వ్యాయామం చేసేటప్పుడు, ఫోన్ మాట్లాడేటప్పుడు పెరిగే చిటపట. మనం చెప్పాల్సింది కూడా సరిగ్గా ఇలాగే.

ముందు వేరే ఫోన్‌తో వాడి చూడండి. అక్కడ కూడా వస్తే ఫోన్ తప్పు కాదు. తర్వాత నాయిస్ క్యాన్సలేషన్ ఆపండి. శబ్దం ఆగిపోతే అనుమానం ఆ ఏర్పాటు మీదే. ఆన్ చేసి, ఫ్యాన్ పక్కనో రోడ్డు మీదో బడ్‌ను ఇంకో ఫోన్ మైకు దగ్గర పెట్టి రికార్డ్ చేయండి. చివరగా కంపెనీ వెబ్‌సైట్‌లో మీ మోడల్‌కు ఇలా లోపాన్ని ఉచితంగా సరిచేసే సర్వీస్ ప్రోగ్రాం ఏదైనా ఉందేమో వెతకండి. వారంటీ అయిపోయినా అలాంటిది వర్తించవచ్చు.

సమస్య: అప్‌డేట్ చేశాక పాడైంది

నిజంగా అప్‌డేట్ వల్లే కావచ్చు. స్పీకర్ల కంపెనీ సోనోస్, వాటిని నడిపే యాప్‌ను 2024 మే నెలలో కొత్తగా విడుదల చేస్తే, అలారం, స్లీప్ టైమర్ లాంటి మామూలు సౌకర్యాలే కనబడకుండా పోయాయి. వేలు పోసి కొన్న స్పీకర్లు మాట వినడం మానేశాయి. జూలైలో సీఈఓ ప్యాట్రిక్ స్పెన్స్ క్షమాపణ చెప్పారు. పాత యాప్‌ను తిరిగి తెస్తే సమస్యలు ఇంకా పెరుగుతాయని కంపెనీ తేల్చింది. కొన్ని రకాల స్పీకర్లకు వారంటీని మరో ఏడాది పొడిగించింది. 2025 జనవరిలో స్పెన్స్ పదవి వదిలారు. క్షమాపణ కంటే ఆ ఏడాది వారంటీయే నాకు పెద్దగా కనిపిస్తుంది, ఎందుకంటే కొన్నవాళ్ల చేతికి అందింది అదే.

ప్రతిసారీ తప్పు అప్‌డేట్‌దే అనుకోవడం కూడా సరికాదు. బోస్ క్యూసీ35 రెండో తరం హెడ్‌ఫోన్‌లో 2019 అప్‌డేట్ తర్వాత నాయిస్ క్యాన్సలేషన్ తగ్గిందని చాలామంది గొడవ చేశారు. కంపెనీ మనుషులు కొందరి ఇళ్లకు వెళ్లి మరీ పరీక్షించారు. అప్‌డేట్ కారణం కాదని తేల్చారు. కాబట్టి మీరూ ముందు చెవి కుషన్ చూడండి. చిరిగినా, అణిగిపోయినా గాలి సందు ఏర్పడి రొద లోపలికి వస్తుంది. కుషన్ మార్చినా తేడా లేకపోతే, వెర్షన్ నంబరు, అప్‌డేట్ తేదీ రాసి ఫిర్యాదు పెట్టండి.

సమస్య: “లోపం ఏమీ లేదు” అని తిప్పి పంపారు

నాకు రెండుసార్లు ఇలాగే జరిగింది. రిపేరుకు తీసుకునేటప్పుడు సర్వీస్ సెంటర్ వాళ్లు రాసే జాబ్ షీట్ మీద ఫిర్యాదు అన్నచోట “సౌండ్ ప్రాబ్లం” అని రాసి ఉంది. మూడోసారి పక్కన నిలబడి రాయించాను: “నాయిస్ క్యాన్సలేషన్ ఆన్ చేసి నడిస్తే కుడివైపు టక్ టక్ శబ్దం, వీడియో చూపించారు.” వారంలో కొత్త పీస్ ఇచ్చారు. జాబ్ షీట్ చదవకుండా సంతకం పెట్టకండి, కాపీ లేకుండా బయటికి రాకండి.

సమస్య: “నీళ్లు తగిలాయి, వారంటీ రాదు”

ఐపీఎక్స్4 అనే రేటింగ్ ఉందంటే చిందిన నీటి తుంపరలకు తట్టుకుంటుందని, మునిగితే కాదు. ఆ రేటింగ్ బడ్స్‌కే ఉండి కేసుకు లేకపోవచ్చు. చెమటతో తడిసిన బడ్‌ను అలాగే కేసులో పెడితే లోపలి పిన్నులు తుప్పు పడతాయి. తుడిచి పెట్టండి. మీరు నీళ్లలో వేయలేదని ఖాయమైతే, నిరాకరణకు కారణం ఫొటోతో సహా రాతపూర్వకంగా అడగండి.

సమస్య: ఇక ఎవరూ పలకడం లేదు

ఆన్‌లైన్‌లో కొన్నారా? ఆ సైటులో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కు రాయండి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. కదలిక లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక మీరు ఉండే జిల్లాలోనే కేసు వేయవచ్చు. కంపెనీ ఆఫీసు బెంగళూరులో ఉన్నా కరీంనగర్‌లో ఉన్నవాళ్లు కరీంనగర్‌లోనే వేసుకోవచ్చు. వస్తువు కోసం చెల్లించింది 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. సమస్య తలెత్తిన నాటి నుంచి రెండేళ్లలోపు వేయాలి. బిల్లు, జాబ్ షీట్లు, ఈమెయిళ్లు, ఆ రికార్డింగ్ అన్నీ జతచేయండి. పాడైన పీస్‌ను మాత్రం పారేయకండి, కమిషన్ దాన్ని ల్యాబ్ పరీక్షకు పంపమనవచ్చు.